ఇల్లు నిలవాలంటే ఇంటికో పని ఉండాలి: లండన్ చుట్టూ ఐదు దివాణాలు

ఇంగ్లండు పల్లెల్లోని పెద్ద దివాణాల ముందు నిలబడగానే అందరూ అడిగేది ఎవరు కట్టారని. పైకప్పు బాగుచేయించే డబ్బు ఇప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే ఇంటి కథ ఇంకా త్వరగా తెలుస్తుంది. ఒకప్పుడు ఆ డబ్బు కౌలు రూపంలో వచ్చేది. 1870ల నుంచి అమెరికా గోధుమలు చవగ్గా దిగి కౌళ్లు పడిపోయాయి. 1894లో పెద్ద ఆస్తుల మీద వేసిన ఎస్టేట్ డ్యూటీ మొదట గరిష్ఠంగా 8 శాతమే. 1919కి అది 40 అయింది, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు 80కి చేరింది. యజమాని పోయిన ప్రతిసారీ ఇల్లు సగం అమ్ముడుపోయినట్టే లెక్క. మన దేశంలోనూ 1953 నుంచి 1985 దాకా ఎస్టేట్ డ్యూటీ ఉండేది కాబట్టి పాత తరంవాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు.

సెప్టెంబరులో వెళ్తే గుంపులు తక్కువ, వెలుతురు ఏడింటిదాకా ఉంటుంది. ఇక్కడి ఐదింటిలో నాలుగు చోట్ల, పాత ఇళ్లనూ తోటల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కార్డు పనికొస్తుంది. ఏడాది సభ్యత్వం ఒకరికి వంద పౌండ్ల చుట్టుపక్కల. విడిగా టికెట్టు కొంటే ఒక్కో చోట 15 నుంచి 20 దాకా అవుతుంది, కారు పెట్టుకున్నందుకు కొన్నిచోట్ల అదనం. ఒక్క వారంలోనే కార్డు డబ్బులు చాలావరకు తిరిగొచ్చేస్తాయి.

శనివారం: ఆస్టర్లీ

మెట్రోలో వెళ్లగలిగిన దివాణం ఇది. పికడిల్లీ లైన్లో ఆస్టర్లీ స్టేషన్లో దిగి, ఎడమకు తిరిగి, సిగ్నళ్ల దగ్గర మళ్లీ ఎడమకు థార్న్‌బరీ రోడ్డులోకి మలుపు తీసుకుంటే ఇరవై, పాతిక నిమిషాల నడక. తల మీద హీత్రో విమానాలు, తోట వెనక ఎం4 మోటార్‌వే. 1960ల్లో ఆ రోడ్డును ఈ ఎస్టేట్‌ను చీల్చుకుంటూనే వేశారు.

ఈ ఇల్లు మొదటి నుంచీ వ్యాపారుల సొత్తు. 1570ల్లో కట్టించినవాడు లండన్ రాయల్ ఎక్స్ఛేంజ్ పెట్టిన థామస్ గ్రెషమ్. తర్వాత ఇళ్లు కట్టి అమ్మే నికొలస్ బార్బన్ దీన్ని తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు తీరక 1713లో చైల్డ్ అనే బ్యాంకరు చేతికి వచ్చింది. చైల్డ్ కుటుంబానికి ఈస్టిండియా కంపెనీలోనూ వాటాలుండేవి. లోపలి పింగాణీ, లక్క సామాను ఆ ఓడల్లో వచ్చినవే. 1761 నుంచి రాబర్ట్ ఆడమ్ పాత ఇటుక గోడల్నీ నాలుగు మూలల బురుజుల్నీ ఉంచేసి, మధ్యలో స్తంభాల మండపం నిలిపి, లోపలంతా తిరగరాశాడు. అతని పద్ధతి తెలియాలంటే ముందు కప్పు చూసి, తర్వాత నేల చూడాలి. పైన గచ్చులో ఉన్న వలయాలే కింద తివాచీలోనూ ఉంటాయి.

వారసత్వం కథ సినిమాకు తగ్గది. 1782లో రాబర్ట్ చైల్డ్ ఒక్కగానొక్క కూతురు వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్‌తో లేచిపోయింది. తండ్రి వీలునామా మార్చేశాడు: ఆస్తి అల్లుడి పెద్దకొడుక్కి చెందకూడదు, కూతురి రెండో కొడుక్కో పెద్ద కూతురికో పోవాలి. అలా మనవరాలు సారా సోఫియా బ్యాంకుకూ ఇంటికీ వారసురాలైంది. 1804లో కాబోయే జెర్సీ ఎర్ల్‌ను పెళ్లాడింది. 1867లో చనిపోయేదాకా బ్యాంకులో పెద్ద భాగస్వామి ఆవిడే.

ఆ వంశంలో తొమ్మిదో ఎర్ల్ 1940లో తోటను హోంగార్డ్ శిక్షణకు ఇచ్చాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన టామ్ వింట్రింగ్‌హామ్ ఇక్కడ గుమాస్తాలకూ దుకాణదారులకూ ట్యాంకుల మీద బాంబు వేయడం, గెరిల్లా పోరు నేర్పించాడు. 1949లో ఇల్లు నేషనల్ ట్రస్ట్‌కు వెళ్లింది.

గదులు చీకటిగా ఉన్నాయని ప్రతివాళ్లూ విసుక్కుంటారు. పట్టు, ఉన్ని, నీటిరంగుల మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది ఇలాంటి ఇళ్లలో లెక్క. ఎండ తగిలిన పట్టు మొదట రంగు పోగొట్టుకుంటుంది, తర్వాత పోగుపోగుగా రాలుతుంది, దానికి తిరిగి ప్రాణం పోయడం ఎవరి తరమూ కాదు. అందుకే తెరలు. లోపలికి వెళ్లిన రెండు నిమిషాలు ఎక్కడివాళ్లక్కడే నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. కుర్చీ మీద ఎండిన పైన్ కాయో ముళ్ల పువ్వో పెట్టి ఉంటే కూర్చోవద్దని అర్థం, బోర్డు వెతకనక్కర్లేదు. వీపు సంచీ ముందుకు తగిలించుకోమంటారు.

మధ్యాహ్నం భోజనానికి లోపలి కేఫ్‌కంటే పక్కనే ఉన్న హౌన్‌స్లో మేలు. తెలుగువాళ్లు బాగా ఉన్న ప్రాంతం, దోశ, బిర్యానీ లండన్ నడిబొడ్డు ధరల్లో సగానికే దొరుకుతాయి.

ఆదివారం: క్లైవ్‌డెన్

పేరు చూసి రాబర్ట్ క్లైవ్ ఇల్లనుకోవద్దు, అతనికీ దీనికీ సంబంధం లేదు. ఎలిజబెత్ లైన్లో టాప్లో లేదా మెయిడెన్‌హెడ్ దాకా వెళ్లి టాక్సీ ఎక్కాలి. ఆదివారాలు ఈ దేశంలో పట్టాల మరమ్మతుల రోజులు. రైలు బదులు బస్సు ఎక్కించి గంట తినేస్తారు, ముందురోజు రాత్రే చూసుకోవడం మంచిది.

థేమ్స్ నది పైన కొండ అంచున ఉన్న ఈ చోట ఇల్లు రెండుసార్లు కాలిపోయింది, 1795లోనూ 1849లోనూ. ఇప్పుడున్నది ఛార్లెస్ బారీ సదర్లండ్ డ్యూక్ కోసం కట్టింది, 1851 నాటిది. 1893లో అమెరికా కుబేరుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ కొన్నాడు. రోములోని బోర్గేసే తోటలో ఉన్న రాతి పిట్టగోడను పిట్టగోడగానే కొనుక్కొచ్చి దక్షిణం వైపు దిగువన పెట్టించాడు. ఆ రాళ్ల సందుల్లో మధ్యధరా ప్రాంతపు చిన్న నత్త ఒకటి కూడా ప్రయాణం చేసింది. అది ఇక్కడే సంతానం పెంచుకుంటూ వందేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. 2004లో గోడ శుభ్రం చేసేవాళ్ల వల్ల బయటపడింది.

ఆస్టర్ కోడలు నాన్సీ 1919లో బ్రిటన్ కామన్స్ సభలో కూర్చున్న తొలి మహిళ. మొదటి యుద్ధంలో ఈ ఎస్టేట్‌లో కెనడా రెడ్‌క్రాస్ ఆసుపత్రి నడిచింది, రెండో యుద్ధంలో మళ్లీ తెరిచారు. 1942లో ఆస్టర్లు ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చారు, దానితోపాటు నిర్వహణకు రెండున్నర లక్షల పౌండ్ల మూలధనం. ఈ రెండో సంగతి ముఖ్యం: మూలధనం లేకుండా ఇల్లు మాత్రం ఇస్తామంటే ట్రస్ట్ సాధారణంగా పుచ్చుకోదు. ఇచ్చాక కూడా కుటుంబం అక్కడే ఉంది. 1961 జులైలో యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమో మోడల్ క్రిస్టీన్ కీలర్‌ను మొదట చూసింది ఇక్కడి ఈతకొలను దగ్గరే. తర్వాత ఆమెతో సంబంధం బయటపడిన గొడవలో అతని పదవి పోయింది. ఆస్టర్లు వెళ్లిపోయాక 1969 నుంచి పద్నాలుగేళ్లపాటు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అద్దెకున్నారు. వాళ్ల తర్వాత వచ్చిందే ఇప్పటి హోటలు.

కాబట్టి ఇంటి యజమాని ట్రస్ట్, కాపురం హోటలుది. తోటంతా కార్డుతో తిరగొచ్చు కానీ ఇంట్లో కొన్ని గదులే, అవీ సీజన్లో కొన్ని రోజులే, వేళ రాసిన టికెట్టుతో. ఉదయం గేటు దగ్గరే అడగకపోతే అయిపోతాయి. హోటల్లో టీ తాగాలంటే మనిషికి 60 పౌండ్లకు పైమాటే. తోటలోని ఆరెంజరీ కేఫ్‌లో స్కోన్ అనే చిన్న బన్ను, క్రీమ్, జామ్, టీ కలిపి ఏడెనిమిది పౌండ్లు. స్కోన్ మీద ముందు జామా, ముందు క్రీమా అన్న తగువులో మాత్రం తలదూర్చకూడదు. కార్న్‌వాల్‌వాళ్లకు జామ్ ముందు, డెవన్‌వాళ్లకు క్రీమ్ ముందు, పక్క బల్లవాళ్లు ఎక్కడివాళ్లో మనకు తెలియదు.

గడియార స్తంభం చూడ్డానికి గుడి గోపురంలా ఉంటుంది గానీ అసలది నీళ్ల ట్యాంకు.

సోమవారం: బాసిల్డన్ పార్క్

దారి తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మ్యాపులో బాసిల్డన్ అని కొడితే లండన్‌కు తూర్పున ఎసెక్స్‌లో ఉన్న కొత్త పట్టణం వస్తుంది. అక్కడికి రైళ్లు ఫెన్‌చర్చ్ స్ట్రీట్ నుంచి. మనకు కావాల్సింది పడమట బర్క్‌షైర్‌లో, రెడింగ్ దాటాక పాంగ్‌బోర్న్ స్టేషన్. అక్కణ్ణుంచి రెండున్నర మైళ్లు. ఏ329 రోడ్డు మీద కాలిబాట సరిగా లేదు, కార్లు దూసుకుపోతుంటాయి. పది పన్నెండు పౌండ్లు పెట్టి టాక్సీ ఎక్కడమే నయం, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే చెప్పిపెట్టుకోవాలి.

కట్టించినవాడు ఫ్రాన్సిస్ సైక్స్. బెంగాల్లో కంపెనీ ఉద్యోగి, కాశింబజార్‌లోనూ ముర్షిదాబాద్ దర్బారులోనూ ఉండి పోగేసిన సొమ్ముతో 1771లో ఈ ఎస్టేట్ కొన్నాడు. యార్క్ మేస్త్రీ జాన్ కార్ చేత 1776 నుంచి 1783 దాకా బాత్ రాయితో ఇల్లు కట్టించాడు. లోపలి పని మొత్తం పూర్తికాకముందే డబ్బు, ఉత్సాహం రెండూ తగ్గాయి. 1838లో మనవడు దీన్ని 97,000 పౌండ్లకు జేమ్స్ మారిసన్ అనే బట్టల టోకు వ్యాపారికి అమ్మేశాడు. బెంగాల్ సొమ్ముతో లేచిన గోడలకు లోపలి హంగులు లండన్ రిబ్బన్లు, గుండీల లాభాలతో అమరాయి.

తర్వాత జరిగింది వరసగా దెబ్బలే. మొదటి యుద్ధంలో గాయపడి కోలుకునే సైనికుల ఆశ్రయం. 1929లో అమ్మకం. చేతులు మారి జార్జ్ ఫెర్డినాండో అనే స్థిరాస్తి వ్యాపారికి దక్కితే, అతను ఇంటిని రాయి రాయిగా విప్పి అమెరికాలో తిరిగి కట్టిస్తానని పది లక్షల డాలర్లకు బేరం పెట్టాడు. కొనేవాడు దొరకలేదు. అప్పుడు గచ్చు పనుల్నీ కొన్ని అమరికల్నీ ఊడబీకి అమ్మాడు. అవి న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో బాసిల్డన్ రూమ్ అయ్యాయి. రెండో యుద్ధంలో అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ దళం మకాం, ఆ పైన యుద్ధ ఖైదీల శిబిరం. అందరూ వెళ్లాక చూస్తే ఒక్క కిటికీ అద్దం మిగల్లేదు, అట్టముక్కలు, ప్లైవుడ్ బిగించి ఉన్నాయి. లైబ్రరీ నేల మీద నీళ్ల మడుగు. గోడల నిండా సంతకాలు.

ఇలాంటి ఇల్లు ఎలా చస్తుందో తెలుసుకోవాలంటే మెట్లెక్కేముందు గోడల పైఅంచు చూడాలి. పైకప్పు కనపడకుండా పిట్టగోడ లేపారు, దాని వెనకాల సీసం రేకు పరిచిన కాలువ. వాన నీళ్లన్నీ ఆ కాలువలోంచి గొట్టాల్లోకి దిగాలి. ఒక్క శరత్కాలం ఆకులు ఎత్తకపోతే గొట్టం మూసుకుంటుంది, నీళ్లు పొంగి లోపలి వైపుకే మళ్లుతాయి. సీసం ఎండకు సాగి చలికి ముడుచుకుంటుంది. ముక్క మరీ పెద్దదైతే ఆ సాగుడుకు చోటు లేక చీలుతుంది, అందుకే చిన్న ముక్కలుగా వేసి మెట్టుమెట్టుగా దించుతారు. కారిన నీరు దూలం కొస గోడలో దిగిన చోట నిలుస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు పడుతుంది. అందులో డ్రై రాట్ అనేది ఇటుకల సందుల్లోంచి పాకి పొడిగా ఉన్న గదిలోని చెక్కను కూడా చేరుతుంది. కింద గచ్చు పూలు రాలేసరికి పైన దూలం ఎప్పుడో మెత్తబడిపోయి ఉంటుంది. సైన్యాలు గోడలు పాడు చేశాయంటారు కానీ ఆ ఏళ్లలో కాలువలు ఎత్తేవాడు లేకపోవడమే పెద్ద నష్టం.

1950ల మొదట్లో పత్రికల వ్యాపార కుటుంబానికి చెందిన ఐలిఫ్ దంపతులు కొన్నారు. ఊడిపోయిన తలుపుల బదులు కొత్తవి చేయించకుండా, లింకన్‌షైర్‌లో పడగొడుతున్న ప్యాంటన్ హాల్ అనే ఇంటి నుంచి తెచ్చుకున్నారు. అదీ జాన్ కార్ పనే. అతని పనివాళ్లు ఎక్కడ కట్టినా అవే కొలతలు వాడడంతో ఆ మహాగని తలుపులు ఇక్కడి ద్వారబంధాల్లో అతికినట్టు కూర్చున్నాయి. 1978లో ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చారు. గదుల్లో ఇప్పుడున్న కళ సైక్స్ కాలానిది కాదు, 1950ల ఇల్లాలి అభిరుచి. వంటింట్లో అది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈమధ్య సినిమావాళ్ల అద్దె కూడా తోడైంది. డౌన్‌టన్ ఆబీ ధారావాహికలో లండన్ ఇంటి లోపలి గదులు ఇక్కడివే.

ప్రతి గదిలో ఒక వాలంటీరు ఉంటారు, ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్లు. వాళ్లంతట వాళ్లు మాట్లాడరు. ‘నమస్కారం’ బదులు వాతావరణం గురించి ఒక మాటతో మొదలుపెట్టి, తర్వాత ‘ఈ తలుపు ఈ ఇంటిదేనా?’ అని అడిగితే పావుగంట విడిచిపెట్టరు.

పులిహోర కట్టుకెళ్తే పచ్చికలో కూర్చుని తినొచ్చు. ఇంట్లోకి మాత్రం తిండి తేనివ్వరు.

మంగళవారం: స్టో

తెలుగువాళ్లు చూసి తీరాల్సింది ఇదే. దగ్గర్లో రైలు లేదు. మిల్టన్ కీన్స్ దాకా రైలు, అక్కణ్ణుంచి బకింగ్‌హామ్ ఊరికి బస్సు, ఆపైన మూడు మైళ్లు టాక్సీ. న్యూ ఇన్ అనే పాత సత్రమే ఇప్పుడు టికెట్ల కౌంటరు, కేఫ్. లీక్, బంగాళాదుంప సూప్ శాకాహారులకు నమ్మకమైన దిక్కు. అక్కణ్ణుంచి ఇల్లు పదిహేను నిమిషాలు ఎగుడు. వాన పడితే గులక దారి జారుతుంది.

టెంపుల్ వంశం గొర్రెల పెంపకంతో పైకొచ్చింది. పెళ్లిళ్లతో పేర్లూ ఆస్తులూ కలుపుకుంటూ బకింగ్‌హామ్ డ్యూకుల దాకా ఎదిగింది. తోటను ప్రపంచానికి చూపించింది లార్డ్ కోబమ్. 1741 నుంచి పదేళ్లు ఇక్కడ పెద్ద తోటమాలిగా ఉన్న కేపబిలిటీ బ్రౌన్ ఆ తర్వాత దేశమంతా తోటలు వేశాడు. రెండో డ్యూక్ 1845లో విక్టోరియా రాణికి విందిచ్చేనాటికే అప్పుల్లో మునిగి ఉన్నాడు. అప్పు పది లక్షల పౌండ్లు దాటింది. 1848లో ఇంటి సామానంతా నలభై రోజులు వేలం వేస్తే వచ్చింది సుమారు 75,000. దివాణంలో సామాను అమ్మితే అప్పు ఎంత తీరుతుందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

కొడుకు, మూడో డ్యూక్, ఇల్లు మూసేసి జీతానికి కుదిరాడు. మొదట ఒక రైల్వే కంపెనీ ఛైర్మన్. తర్వాత 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. ధాత కరువు రాయలసీమను ఊడ్చేసిన ఏళ్లవి. కరువు పనుల కింద మద్రాసులో తవ్వించిన ముక్కతో కోస్తా కాలువ ఉత్తర, దక్షిణ భాగాలు కలిశాయి, మొత్తం కాలువకు ఆయన పేరే పెట్టారు. కాకినాడ వైపు నుంచి ఒంగోలు, నెల్లూరు తీరాల మీదుగా వెళ్లే బకింగ్‌హామ్ కాలువ అదే. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అదే కరువులో కూలీని రోజుకు ఒక పౌండు, అంటే 450 గ్రాముల ధాన్యం, ఒక అణాకు కుదించిన సర్ రిచర్డ్ టెంపుల్ వేరే మనిషి. ఈ డ్యూక్ పేరు కూడా రిచర్డే, ఇంటిపేరులో టెంపుల్ కూడా ఉంది, అందుకే ఇద్దర్నీ కలిపేస్తుంటారు.

మూడో డ్యూక్ 1889లో మగ సంతానం లేకుండా పోయాడు, డ్యూక్ బిరుదు అక్కడితో ఆగింది. ఫ్రాన్సు సింహాసనం తనదేనన్న కాంట్ ద పారీకి కూతురు ఇల్లు అద్దెకిచ్చింది, ఆయన 1894లో ఇక్కడే పోయాడు. ఆవిడ పెద్ద కొడుకు 1914లో యుద్ధంలో చనిపోయాడు. 1921లో అమ్మకం. దక్షిణ మెట్ల మీది సీసపు సింహాలు బ్లాక్‌పూల్ ఊరి పార్కుకు పోయాయి. ఇప్పుడున్న జత 2013లో నిలిపిన నకళ్లు.

1923 మే 11న 99 మంది పిల్లలతో ఇక్కడ బడి తెరిచారు. ఇంటిని బతికించింది ఈ బడే. తోట 1989 నుంచి నేషనల్ ట్రస్ట్‌ది, ఇల్లు 1997లో పెట్టిన మరో ట్రస్ట్‌ది, లోపల కాపురం పాఠశాలది. ముగ్గురు వాటాదార్ల ఇల్లు కాబట్టి తోట టికెట్టుతో ఇంట్లోకి పోగలమన్న హామీ లేదు, పరీక్షలుంటే గేటు వేసేస్తారు. తెరిచి ఉంటే నేరుగా మార్బుల్ సెలూన్‌కు వెళ్లాలి. అండాకారపు హాలు, పైన గుమ్మటం. వేలాల్లో అమ్ముడుపోయినవాటి నకళ్లు కొన్ని మళ్లీ గూళ్లలోకి చేరుతున్నాయి. పక్క గదిలో బెంచీల వరస, నోటీసు బోర్డు. బడి పిల్లలు ఎదురైతే తలుపు పట్టుకుని నిలబడతారు. థాంక్యూ చెప్పి త్వరగా దాటాలి, లేకపోతే మనవల్ల వాళ్లకు గంట దాటిపోతుంది.

బుధవారం: బ్లెచ్లీ పార్క్

అందం కోసమైతే ఇక్కడికి రానక్కర్లేదు. 1883లో షేర్ల దళారి హెర్బర్ట్ లియాన్ కొని, ఇష్టమొచ్చినప్పుడల్లా ఒక గది, ఒక గోపురం అతికించుకుంటూ పోయిన ఎర్రిటుకల ఇల్లు. ఆయన భార్య 1937లో పోయాక ఎస్టేట్ ముక్కలైంది. కొన్న కట్టడాల గుత్తేదారు ఇల్లు పడగొట్టి చిన్న ఇళ్లు వేద్దామనుకున్నాడు. 1938లో గూఢచారి సంస్థ అధిపతి అడ్మిరల్ హ్యూ సింక్లెయిర్ 6,000 పౌండ్లకు తీసుకున్నాడు. లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మూడింటికీ రైలున్న కూడలి కావడమే దాని అసలు గుణం. ఆ ఏడాది మొదటి బృందం వేటకొచ్చిన మిత్రుల వేషంలో దిగింది. యుద్ధంలో శత్రువుల రహస్య సంకేతాలు విప్పింది ఇక్కడే. 1945 మొదట్లో ఇక్కడ సుమారు 9,000 మంది పనిచేసేవారు, నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు.

యుద్ధమయ్యాక టీచర్ల శిక్షణ, తపాలా శాఖ శిక్షణ నడిచాయి. 1990ల మొదట్లో మళ్లీ పడగొట్టే మాట వచ్చింది. పాత ఉద్యోగుల్ని కూడగట్టిన స్థానికులు ట్రస్ట్ పెట్టి 1992లో ఆపారు. అసలు పని జరిగిన హట్ 3, హట్ 6 సన్న చెక్క గుడిసెలు, యుద్ధం అయ్యేదాకా నిలిస్తే చాలని వేసినవి. ఇంటి కంటే వాటిని కాపాడడమే కష్టమైంది. మరమ్మతులయ్యాక 2014లో తెరిచారు. 2023 నవంబరులో కృత్రిమ మేధ భద్రత మీద దేశాల సదస్సు జరిగింది కూడా ఈ ప్రాంగణంలోనే.

బ్లెచ్లీ స్టేషన్ నుంచి అయిదు నిమిషాల నడక. కేఫ్ హట్ 4లో. నేషనల్ ట్రస్ట్ కార్డు ఇక్కడ చెల్లదు. టికెట్టు 28 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, ఏడాదిలోపు ఎన్నిసార్లైనా రావచ్చు. సంకేతాలు విప్పడానికి వాడిన కొలోసస్ యంత్రం కోసం వెతికి నిరాశపడేవాళ్లు చాలామంది: అది అదే ఆవరణలో బ్లాక్ హెచ్‌లో ఉన్న కంప్యూటింగ్ మ్యూజియంలో ఉంది, దానికి టికెట్టు వేరు, తెరిచే రోజులూ వేరు.